నెగెటివ్ రిపోర్టు, మానని పుండు: ఒక కేసు వివరాలు

వయసు 31. పెళ్లయింది, భార్య ఐదో నెల గర్భిణి. మర్మాంగం మీద పుండు లేచి వారమైందని, నొప్పి లేదుగానీ మానడం లేదని వచ్చారు. నాలుగు రోజుల కిందట వేరే చోట చేయించుకున్న పరీక్షల రిపోర్టులు వెంట తెచ్చుకున్నారు. హెచ్ఐవీ నెగెటివ్. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే రక్తపరీక్ష వీడీఆర్ఎల్ నాన్ రియాక్టివ్, అంటే అదీ నెగెటివే. కంగారు పడాల్సిందేమీ లేదని చెప్పి, పూతమందు రాసి పంపించారట. పుండు కొంచెం తగ్గుముఖం పట్టినట్టే ఉంది, అయినా మనసు ఊరుకోక ఇంకొకరికి చూపిద్దామని వచ్చానన్నారు.

ఈ దంపతుల అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. సుఖవ్యాధుల్లో పరీక్ష ఫలితాన్ని తేదీ పక్కన పెట్టుకుని చదవకపోతే ఏం జరగబోయేదో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. వైద్యులకే కాదు, రిపోర్టు చేతికందగానే గుండెల మీద చెయ్యేసుకునే ప్రతివారికీ ఇది తెలియాలి.

పుండు ఒక్కటే ఉంది. అడుగు శుభ్రంగా ఉంది, చీము లేదు. గ్లవ్ వేసుకుని వేళ్ల మధ్య పట్టుకుంటే అంచులు చర్మం కింద బొత్తాం ఉన్నట్టు గట్టిగా తగిలాయి. గజ్జల్లో రెండు వైపులా బిళ్లలు కట్టాయి. నొక్కితే నొప్పి లేదు, రబ్బరులా కదులుతున్నాయి. హెర్పిస్ అయితే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, చిట్లి, మంట పెడతాయి. షాంక్రాయిడ్ అనే మరో సుఖవ్యాధి అయితే పుండు మెత్తగా ఉండి విపరీతంగా నొప్పి పెడుతుంది. నొప్పి లేని గట్టి పుండు, నొప్పి లేని బిళ్లలు కలిసి కనిపిస్తే ముందు సిఫిలిస్‌నే అనుమానించాలి. నొప్పి లేకపోవడం ఇక్కడ మంచి సూచన కాదు. మనిషిని డాక్టరు దగ్గరకు రాకుండా ఆపేది అదే. పైగా మందు వేసినా వేయకపోయినా ఈ పుండు మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. పూతమందు పనిచేసిందనుకుంటారు. సూక్ష్మజీవి మాత్రం అప్పటికే రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంటుంది.

గొంతు చూస్తే ఎర్రగా ఉంది. మెడ పక్కన కూడా బిళ్లలు తగిలాయి. ఈమధ్య జ్వరం ఏమైనా వచ్చిందా అని అడిగితే, ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదన్నట్టు చెప్పారు: తొమ్మిది రోజుల కిందట మొదలై ఐదు రోజులు ఉందట. ఒళ్లునొప్పులు, మింగడం కష్టం, ఛాతీ మీద రెండు రోజులపాటు ఎర్రటి దద్దు. వైరల్ జ్వరం అన్నారట. ఆ మాట నిజమే, ఏ వైరస్ అన్నదే ఎవరూ అడగలేదు.

తేదీలు రాసుకోవడం

లైంగిక చరిత్ర అడిగేటప్పుడు నేను వాడే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఎవరితో, ఏ రకమైన కలయిక, కండోమ్ వాడారా, చివరిసారి ఎప్పుడు. తీర్పు చెప్పే స్వరం ఏ కాస్త వినిపించినా ఎదుటివారు సగం మింగేస్తారు. అందుకే ముందే చెబుతాను: "ఇవన్నీ ఇక్కడికి వచ్చే అందరినీ అడుగుతాను. మందు సరిగ్గా ఇవ్వడానికి తప్ప వేరే దేనికీ కాదు." ఆయన కాసేపు రిపోర్టు కాగితం మడతలు పెడుతూ కూర్చుని, తర్వాత చెప్పారు. పనిమీద వేరే ఊరు వెళ్లినప్పుడు పరిచయమైన ఒకరితో ఒక్కసారి, కండోమ్ లేకుండా. అది 26 రోజుల కిందట. తర్వాత ఇంటికి వచ్చాక భార్యతో మామూలుగానే ఉన్నారు. చివరిసారి రెండు రాత్రుల కిందట.

ఈ తేదీలను ఒక గీత మీద పెట్టి చూస్తే అన్నీ కలిసివస్తాయి. హెచ్ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతు నొప్పి, దద్దు, బిళ్లలు వస్తాయి. సిఫిలిస్ పుండు సగటున మూడు వారాలకు లేస్తుంది. ఒకే రాత్రి రెండూ అంటుకుని ఉంటే అచ్చం ఇలాగే ఉంటుంది.

మరి పరీక్షలు నెగెటివ్ ఎందుకు వచ్చాయి? ఆయన మొదట చేయించుకున్నది వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ పరీక్ష. అది వైరస్‌ను వెతకదు, వైరస్ మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి కనిపించడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ఆయన చేయించుకున్నది 22వ రోజున. లేబరేటరీలో రక్తనాళం నుంచి తీసిన రక్తంతో చేసే నాలుగో తరం పరీక్ష పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల్లో తేల్చగలదు. వైరస్ జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏను నేరుగా కొలిచే పరీక్ష 10 నుంచి 33 రోజుల్లోనే చెప్పగలదు. వీడీఆర్ఎల్‌దీ అదే తీరు. పుండు లేచిన తొలి రోజుల్లో అది చాలామందిలో నెగెటివ్‌గానే వస్తుంది.

అంటే ఆ రిపోర్టుల్లో తప్పు లేదు. ఆ రోజుకు ఆ పరీక్ష చెప్పగలిగింది అంతే. ఆ సంగతి రిపోర్టు మీద ఒక్క వాక్యమైనా రాసి, మళ్లీ ఏ తేదీకి రావాలో చెప్పకుండా పంపించడమే అన్యాయం.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన నెట్‌లో చదివి వచ్చారు. హెచ్ఐవీ ఉన్న స్త్రీతో ఒక్కసారి కలిస్తే పురుషుడికి హెచ్ఐవీ సోకే అవకాశం పదివేలలో నాలుగే కదా అన్నారు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది సగటు. అవతలివారికి వైరస్ కొత్తగా సోకి రక్తంలో విపరీతంగా పెరుగుతున్న దశలో ఉన్నా, ఇద్దరిలో ఎవరికైనా పుండు ఉన్నా అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పుండు ఉన్నచోట చర్మం తెరుచుకుని ఉండటమే కాదు, హెచ్ఐవీ దాడి చేసే కణాలే అక్కడ గుమికూడి ఉంటాయి. సుఖవ్యాధులను, హెచ్ఐవీని వేర్వేరు జబ్బులుగా చూడటం వైద్యం దృష్ట్యా తప్పు. ఒకటి రెండోదానికి తలుపు తెరుస్తుంది. ఏ ఒక్కటి కనిపించినా మిగతావన్నీ వెతకాల్సిందే.

ఆ రోజు సాయంత్రం

రక్తం పంపాం. నాలుగో తరం పరీక్ష రియాక్టివ్. విడిగా చేసిన యాంటీబాడీ పరీక్ష మాత్రం నెగెటివ్. ఈ రెండూ కలిపి చదివితే వైరస్ ఉంది, యాంటీబాడీలు ఇంకా రాలేదని అర్థం. నిర్ధారణకు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష, పంపాం. అది మర్నాడు వచ్చింది: మిల్లీలీటరుకు 38 లక్షల కాపీలు. సిఫిలిస్ సూక్ష్మజీవి ట్రెపొనీమా మీద తయారయ్యే యాంటీబాడీలను వెతికే ట్రెపొనీమా పరీక్ష పాజిటివ్, వీడీఆర్ఎల్ ఇప్పుడు 1:8, అంటే ఎనిమిది రెట్లు పలచన చేసినా పాజిటివ్. గనేరియా, క్లమీడియా మూత్ర పరీక్షలు నెగెటివ్. హెపటైటిస్ బి, సి లేవు. బి టీకా ఎప్పుడూ వేయించుకోలేదు కాబట్టి అది మొదలుపెట్టాం.

పెన్సిలిన్ వెంటనే ఇచ్చాం. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ సగం సగం. మొదటి దశ సిఫిలిస్‌కు ఒక్క మోతాదు చాలు, హెచ్ఐవీ ఉన్నా అంతే. రాత్రికి చలిజ్వరం రావచ్చని, అది మందు వికటించడం కాదని, సూక్ష్మజీవులు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చే ప్రతిచర్య అని, ఒక్కరోజులో తగ్గుతుందని ముందే చెప్పి పంపాలి. చెప్పకపోతే పెన్సిలిన్ పడలేదనుకుని జీవితాంతం ఆ మందుకు దూరమవుతారు. ఆయనకు ఆ రాత్రి 101 డిగ్రీలు వచ్చింది, తెల్లారేసరికి తగ్గింది.

హెచ్ఐవీ మందులు కూడా అదే రోజు మొదలుపెట్టాం: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకు ఒకటి. మందులకు లొంగని రకమేమో చూసే పరీక్షకు రక్తం పంపాం, అయితే ఆ ఫలితం కోసం ఆగలేదు. సీడీ4 అనే రోగనిరోధక కణాలు పడిపోయేదాకా ఆగే కాలం ఎప్పుడో పోయింది. 38 లక్షల కాపీలున్న మనిషి ఆలస్యం చేసే ప్రతి రోజూ ఆయనకూ నష్టమే, ఇంట్లోవాళ్లకూ ప్రమాదమే.

ఇక అసలు కష్టం అప్పుడు మొదలైంది. "మా ఆవిడకి చెప్పొద్దు డాక్టర్ గారూ. కాన్పయ్యాక నేనే చెప్పుకుంటాను" అన్నారు. ఏడుస్తున్నారు. ఆ బాధ నిజమైనది, దాన్ని తోసిపుచ్చి నీతులు చెబితే లేచి వెళ్లిపోతారు, మళ్లీ రారు. నేను గడియారం చూపించాను. హెచ్ఐవీ సోకే అవకాశం ఉన్న కలయిక జరిగిన 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ నాటుకోకుండా ఆపే అవకాశం ఉంటుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పటికి దాదాపు 40 గంటలు గడిచిపోయాయి. "కాన్పు అయ్యాక చెబితే మీరు ఆవిడకి చెప్పేది వార్త. ఇవాళ చెబితే ఆవిడకి అందేది మందు. మీకు ఎలా వీలైతే అలా చేద్దాం. మీరే చెబుతారా, నా ముందు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాను.

మా కౌన్సెలర్ ఆయనతో గంటసేపు కూర్చున్నారు. ఏ మాటతో మొదలుపెట్టాలో, ఆవిడ కోపగిస్తే ఏం అనకూడదో, ముందు క్షమాపణా ముందు మందు సంగతా అన్నీ మాట్లాడుకున్నారు. చెప్పాక ఎవరికైనా హాని జరిగే పరిస్థితి ఇంట్లో ఉందా అని విడిగా అడిగారు. ఈ ప్రశ్న తప్పనిసరి. లేదని తేలాకే ఇంటికి పంపాం. ఆ రాత్రి ఆయనే చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆవిడే అన్నారు: "ఆయన సంగతి తర్వాత చూసుకుంటాను డాక్టర్ గారూ. బిడ్డకి ఏమీ కాకుండా ముందు ఆ మాత్రలు ఇవ్వండి." మొదటి మాత్ర నా గదిలోనే వేసుకున్నారు. 60 గంటలు ఇంకా దాటలేదు.

ఆవిడ చికిత్స

అవే మూడు మందులు. గర్భిణులకు ఇవి సురక్షితం. ఒక చిన్న విషయం మాత్రం చాలా పెద్దది. గర్భిణులంతా ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటారు. పరగడుపున వాటితో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. వాటికి రెండు గంటల ముందుగానీ, వేసుకున్న ఆరు గంటల తర్వాతగానీ ఈ మాత్ర వేసుకోవాలి. లేదంటే భోజనంతో పాటు అన్నీ కలిపి వేసుకోవచ్చు. ఆవిడ సంచిలోంచి మాత్రల అట్టలన్నీ బయటికి తీయించి, బల్ల మీద పేర్చి, ఏది ఎప్పుడో ఒక్కొక్క అట్ట మీదా పెన్నుతో రాశాం. చీటీ మీద రాస్తే చీటీ పోతుంది. మొదటి వారం వికారం ఉంది, ఆ తర్వాత తగ్గింది. ఒక్క మాత్ర కూడా మానలేదు.

మందు మొదలుపెట్టే ముందు తీసిన రక్తంలో నాలుగో తరం పరీక్ష నెగెటివ్, వైరల్ లోడ్ లేదు. అయినా అంతకుముందు మూడు వారాల్లో కూడా వాళ్లు కలిశారు. ఆ కలయికలకు ఈ మందు వర్తించదు. ఆ అనిశ్చితి ఆవిడకు దాచకుండా చెప్పాను. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా హెచ్ఐవీ సోకితే వైరల్ లోడ్ ఉవ్వెత్తున లేస్తుంది, బిడ్డకు చేరే ప్రమాదం అప్పుడే ఎక్కువ. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. చికిత్సతో అది 5 శాతం కంటే కిందికి దిగుతుంది. ఒకవేళ తర్వాత పాజిటివ్ వచ్చినా చేతిలో ఉపాయం ఉంటుందని చెప్పడానికే ఈ అంకెలు ఆవిడ ముందు పెట్టాను.

సిఫిలిస్ విషయంలో ఇంకా తేలికైన నిర్ణయం. ఆవిడ వీడీఆర్ఎల్ నెగెటివే. కానీ తొలిదశ సిఫిలిస్ ఉన్న మనిషితో గత 90 రోజుల్లో కలిసినవారికి పరీక్ష నెగెటివ్ వచ్చినా మందు ఇచ్చేయాలి. గర్భిణికైతే మరీనూ. కడుపులో బిడ్డకు కూడా చికిత్స చేయగలదని రుజువైన మందు పెన్సిలిన్ ఒక్కటే. వేరే మాత్రలతో సరిపెట్టకూడదు. పెన్సిలిన్ అలర్జీ ఉన్నా గర్భిణికి ఆసుపత్రిలో డీసెన్సిటైజ్ చేసి, అంటే కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఒంటికి అలవాటు చేసి, అదే ఇస్తారు. ఆవిడకు 24 లక్షల యూనిట్లు ఇచ్చి కొన్ని గంటలు దగ్గర ఉంచుకుని చూశాం. కాన్పుకు కనీసం నెలరోజుల ముందు అందితేనే బిడ్డ పరంగా అది సరైన చికిత్స అవుతుంది. మాకు చాలా సమయం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 7 లక్షల మంది బిడ్డలకు తల్లి నుంచి సిఫిలిస్ సోకింది. ఒక రక్తపరీక్షతో, ఒక సూదితో ఆపగలిగిన జబ్బు ఇది. ఇందుకు మించి నన్ను బాధపెట్టే అంకె ఈ వృత్తిలో లేదు.

28 రోజుల కోర్సు అయ్యాక ఆపేయలేదు. భర్త వైరల్ లోడ్ ఇంకా తగ్గుతూనే ఉంది కాబట్టి ఆవిడను నివారణ మాత్రలకు, అంటే ప్రెప్‌కు మార్చాం. ఆయన వైరస్ కనిపించని స్థాయికి వచ్చి అక్కడే నిలిచేదాకా. అన్నాళ్లూ కండోమ్ కూడా.

మూడో మనిషి

26 రోజుల కిందటి ఆ పరిచయస్తుల ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉంది. ఆయన పేరు బయటికి రాకుండా, "మీరు ఫలానా వ్యాధులకు పరీక్ష చేయించుకోవడం అవసరం, ఎక్కడైనా చేయించుకోవచ్చు" అని మా ఆరోగ్య సలహాదారు కబురు పంపారు. ఆ మనిషి ఏం చేశారు, ఫలితం ఏమిటి అనేవి ఇక్కడ రాయను, అది వేరొకరి కేసు. అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. ఆయన మొదట ఆ మనిషిని తిట్టారు. సుఖవ్యాధుల్లో ఎక్కువ శాతం ఏ లక్షణమూ లేకుండానే ఉంటాయి. ఆ మనిషికి తెలిసి ఉండే అవకాశం చాలా తక్కువ. ఆయనకూ ఆ పుండు లేవకపోయి ఉంటే తెలిసేది కాదు, తెలియకుండానే ఇంట్లో అంటించేవారు. వాటిలో మందుతో నయమయ్యేవే ప్రపంచంలో రోజుకు 10 లక్షలకు పైగా కొత్తగా సోకుతున్నాయి. ఇలా తెలియక జరిగేవే అందులో అధికం. నిందించడం వల్ల ఆ గొలుసు తెగదు. కబురు అందడం వల్లే తెగుతుంది.

తర్వాత ఏం జరిగింది

నాలుగు వారాలకు ఆయన వైరల్ లోడ్ వందల్లోకి దిగింది. మూడో నెలకు కనిపించని స్థాయికి వచ్చింది, ఆరో నెలలోనూ అంతే. వీడీఆర్ఎల్ మూడో నెలకు 1:2, ఆరో నెలకు నెగెటివ్. 1:8 నుంచి 1:2కి రావడమంటే నాలుగు రెట్లు తగ్గడం, మందు పనిచేసిందనడానికి అదే గుర్తు. ట్రెపొనీమా పరీక్ష మాత్రం చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉండిపోతుంది. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని ఎవరైనా మళ్లీ సూదులు పొడిస్తే అడ్డుకోమని ఆయన ఫైలు మీద రాసి ఇచ్చాను. హెచ్ఐవీ ఉన్నవారికి 24 నెలల వరకూ సిఫిలిస్ పరీక్షలు చేస్తూనే ఉండాలి. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన రెండోసారి రాకుండా పోదు.

ఆవిడకు ఆరో వారంలో, మూడో నెలలో, కాన్పుకు ముందు చేసిన హెచ్ఐవీ పరీక్షలన్నీ నెగెటివ్. ఆ 28 రోజుల మందు వల్లే తప్పించుకున్నారని నేను నిరూపించలేను. మందు లేకున్నా సోకకపోయి ఉండవచ్చు. అయినా మళ్లీ ఇలాంటి కేసు వస్తే ఆలోచించకుండా అదే చేస్తాను. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లికీ బిడ్డకీ సిఫిలిస్ పరీక్షలు నెగెటివ్. తల్లికి హెచ్ఐవీ లేదు, తండ్రి వైరస్ అదుపులో ఉంది కాబట్టి బిడ్డకు పాలివ్వడంలో ఏ ఇబ్బందీ లేదు.

బిడ్డను ఎత్తుకోవడానికి, ముద్దుపెట్టుకోవడానికి ఆయన చాలా రోజులు జంకారు. గ్లాసు, కంచం విడిగా పెట్టుకున్నారట. ఉమ్మితో, చెమటతో, ఒకే గిన్నెలో తినడంతో, ఒకే మరుగుదొడ్డితో హెచ్ఐవీ రాదని మొదటి రోజే చెప్పాం. మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. భయం ఒక్క విడతలో పోదు. ప్రతి సందర్శనలోనూ ఆ ప్రశ్నకు కొంత సమయం ఉంచుకోవాలి.

ఆరో నెల ఫలితం చేతికిచ్చినప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న వేరు: "మళ్లీ మేం మామూలుగా ఉండొచ్చా? ఇంకో బిడ్డ కావాలనుకుంటే?" ఇందుకు సమాధానం ఊహ మీద ఆధారపడింది కాదు. ఒకరికి హెచ్ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటల్లో మందులు ముందుగా మొదలుపెడితే ఎంత తేడా ఉంటుందో 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనం ఫలితాలు చూపించాయి. ఆ తర్వాత పార్ట్‌నర్ అధ్యయనాల్లో, అంటే 2016లోనూ 2019లోనూ, వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి కండోమ్ లేని కలయికల్లో ఒక్కరికి కూడా సోకలేదు. మాత్ర మానకుండా, వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలిచి ఉంటే, ఆయన నుంచి ఆవిడకు లైంగికంగా హెచ్ఐవీ రాదు. సహజంగానే గర్భం దాల్చవచ్చు. కానీ ఆ మాత్ర సిఫిలిస్‌ను, గనేరియాను ఆపదు. బయటి సంబంధం ఏదైనా ఉంటే కండోమ్, మూడు నెలలకోసారి పరీక్షలు తప్పవు. ఆ మాట ఇద్దరూ వింటుండగానే చెప్పాను. ఆయన తల వంచుకోలేదు, సరేనన్నారు. ప్రెప్ ఆపే తేదీ, ఆ తర్వాత ఆవిడ చేయించుకోవాల్సిన పరీక్ష తేదీ ఆవిడ ఫోన్‌లో నమోదు చేయించి పంపాను.